నాలుగు మూలల పసుపు

“ఆ జపాన్ బొమ్మ ఊరికే పడుంది కదా, ఫ్రేమ్ కొన్నాను. శ్రీధర్ వాళ్ల గృహప్రవేశానికి ఇచ్చేద్దాం” అన్నాడు మనోహర్. శ్రీధర్ అతని మేనేజర్. నేనప్పుడే కారులోంచి గాజు గిన్నెల పెట్టె దించుతున్నాను. పోయినవాళ్ల ఇళ్లలో సామాను కొని ఆన్‌లైన్‌లో అమ్మడం నా వ్యాపారం. మనోహర్ భాషలో టైంపాస్. వంట, పాప చదువు, అత్తయ్య మందులు అయ్యాక మిగిలిన గంటల్లో చేస్తాను కాబట్టి కాబోలు.

నా వ్యాపారానికి ఒకటే సూత్రం. సరుకు మీద మనసు పెట్టుకోకూడదు. ఆ బొమ్మ దగ్గరే అది తప్పింది. చెక్క అచ్చులతో కాగితం మీద వేసిన నది ఒడ్డు. పూసిన చెట్ల కింద ఒకామె పడవ కోసం నిలబడి ఉంటుంది. చేతిలో సంచి లేదు, చంకలో బిడ్డ లేదు. మూడుసార్లు మంచి బేరం వచ్చింది. ఇంకా పెరుగుతుందిలే అని నాకు నేనే చెప్పుకుని ఆపాను. దాన్ని చూస్తే మనసు కుదుటపడదు, పైగా కాళ్లు ఒకచోట నిలవవు. రెండు నిమిషాలు చూసి, అట్టల మధ్య పెట్టేసి, గిన్నెలు తోమడానికి వెళ్లిపోతాను.

లోపలికి పరిగెత్తాను. బొమ్మ డైనింగ్ టేబుల్ మీద ఉంది. అత్తయ్య నాలుగో మూలకు తడి పసుపు అద్దుతోంది. పెళ్లి కార్డుకి పెట్టినట్టు, కొత్త చీరకి పెట్టినట్టు.

“శుభకార్యానికి ఇచ్చేది, పసుపు లేకుండా ఎలా ఇస్తాం?”

పాత కాగితం అప్పటికే పీల్చేసుకుంది. ఇక పోదు. వెల మొత్తం ఆ నాలుగు చుక్కల్లో పోయింది.

మనోహర్ నా ముఖం చూశాడు. “సారీ, ఐ డిడింట్ నో. ఎంతుంటుందో చెప్పు, నీ అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తా.”

ధర చెప్పబోయాను. వేరే మాట వచ్చింది.

“అది అమ్మేది కాదు. నాది.”

“నీ స్టాకే కదా గిరిజా” అన్నాడు, అర్థంకాక.

అత్తయ్య వేళ్లు కొంగుకి తుడుచుకుంది. “నీకంటూ ఒకటుందని ఎప్పుడైనా చెప్పావా అమ్మా? అన్నీ అమ్మేవే అన్నావు.”

బొమ్మను అతను కొన్న ఫ్రేమ్‌లోనే పెట్టి, హాల్లో నట్టనడుమ మేకు కొట్టి తగిలించాను.

“అలా మరకలతోనా? వచ్చినవాళ్లు చూస్తారు” అన్నాడు మనోహర్.

“చూడనీ. ఇక దాన్ని ఎవరూ కొనరు.”

జవాబు కోసం ఆగకుండా, నాదంటూ ఇంకొకటి తగిలించడానికి రెండో మేకు ఎక్కడ కొట్టాలా అని గోడ వెతుకుతున్నాను.