ఒక పూట వదులుకున్న ఇంటిపేరు

నేను ఒక ఇంటిపేరును. కోర్విల్ అంటారు. మీ నోటికి కొత్తగా ఉండొచ్చు. బిట్రగుంట రైల్వే కాలనీలో పాతవాళ్లను అడగండి, తడుముకోకుండా పలుకుతారు.

నాకు ఒళ్లు లేదు. నన్ను ఎవరూ పోత పోయలేదు, ఉలితో చెక్కలేదు. మనుషుల నోళ్లలో తయారయ్యాను. కాబట్టి నేను వస్తువునే కాదంటారేమో. మీ ఇంట్లో ఇంటిపేరు కంటే ఎక్కువ కాలం వాడిన వస్తువు ఒక్కటి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

ఫ్రాన్సు ఉత్తరపు ఒడ్డున నార్మండీ అనే సీమ ఉంది. వెయ్యేళ్ల కిందట ఇంకా ఉత్తరం నుంచి అక్కడికి పడవల్లో దోపిడిగాళ్లు వచ్చారు. దోచుకోవడానికి వచ్చి, నేల బాగుందని దున్నుకుంటూ ఉండిపోయారు. వాళ్లలో కోరి అని ఒకడు. వాడు పాక వేసిన చోటును చుట్టుపక్కలవాళ్లు కోరి ఊరు అన్నారు. అక్కడి మాటలో కోర్విల్. దొంగ పేరు ఊరికి ఉందని ఎవరూ సిగ్గుపడలేదు. భూమి సంపాదించినవాణ్ణి అంతకుముందు ఏం చేశావని ఎవరూ అడగరు.

అప్పటికి నేను ఊరిపేరునే. నేను మొదట తగులుకున్న మనిషి రాబర్ట్ అనే కమ్మరి. గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. వాళ్ల దొర సముద్రం దాటి ఇంగ్లండు మీదికి దండెత్తుతూ గుర్రాలను ఓడలెక్కించాడు. గుర్రాలు పోతే లాడాలు కొట్టేవాడూ పోవాలి. గెలిచారు. కత్తి పట్టినవాళ్ల పేర్లు చరిత్రకెక్కాయి, సుత్తి పట్టినవాడి పేరు ఎక్కలేదు. కొత్త దేశంలో రాబర్టులు మరీ ఎక్కువై, ఏ రాబర్ట్ అంటే కోర్విల్ నుంచి వచ్చినవాడు అనేవారు. అతని కొడుకు ఇంగ్లండులోనే పుట్టాడు. ఆ ఊరు చూడలేదు, చూడబోడు. అయినా వాణ్ణీ కోర్విల్ అనే అన్నారు. చూడని ఊరు మనిషికి అంటుకున్న రోజున నేను ఇంటిపేరునయ్యాను. నవ్వకండి. మీ ఇంటిపేర్లలో సగం ఊళ్లే. ఆ ఊళ్లు మీలో ఎంతమంది చూశారు?

తర్వాత నాకు రెండు కొమ్మలు వచ్చాయి. ఒక కొమ్మ గుర్రమెక్కి, కోట కట్టి, డాలు మీద సింహాన్ని గీయించుకుంది. నాలుగు తరాల్లో తమలో తాము కొట్టుకుని ఎండిపోయింది. లాడాలు కొట్టిన కొమ్మ మిగిలింది. అది ఇంగ్లండులో నేల దొరక్క ఐర్లండు పోయింది. ఐర్లండులో పంట కుళ్లి జనం రాలిపోయిన ఏడు, థామస్ కోర్విల్ అనేవాడు కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. ఆ ఊరి పక్కనే పరంగికొండ దగ్గర ఫిరంగులు లాగే గుర్రాలకు లాడాలు కొట్టాడు. అక్కడే ఒక తెలుగు పిల్లను పెళ్లాడాడు. చర్చి పుస్తకంలో ఆమె పక్కన నన్ను రాశారు. ఆమెకు పుట్టింటి పేరు ఒకటి ఉండి ఉంటుంది కదా. దాన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆమె మనవడు పాట్రిక్. గుర్రాల కాలం పోయి రైళ్ల కాలం వచ్చింది. పాట్రిక్ బిట్రగుంట షెడ్డులో ఇంజన్ డ్రైవరయ్యాడు. మావాళ్ల చేతికి ఇనుమూ నిప్పూ మాత్రం ఎప్పుడూ తప్పలేదు. అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

పాట్రిక్ దగ్గర పోలయ్య అనే అతను బొగ్గు వేసేవాడు. ఒక మధ్యాహ్నం, బండి పరుగులో ఉండగా బాయిలర్ గొట్టం పగిలింది. మరిగే ఆవిరి ఇద్దరి మీదికీ వచ్చింది. పాట్రిక్‌ను పోలయ్య కిందికి తోసి, తాను ఆవిరిలోకి చెయ్యి పెట్టి, ఇంజనుకు ఆవిరి వదిలే రెగ్యులేటర్ మూశాడు. బండి ఆగింది. పోలయ్య మూడో రోజు పోయాడు. పాట్రిక్‌కు అప్పటికి పెళ్లి కాలేదు. ఆ రోజు అతను పోయి ఉంటే ఈ దేశంలో నేనూ పోయేవాణ్ణి.

పోలయ్య భార్య చంకలో నెలల బిడ్డ. పాట్రిక్ ఆ బిడ్డను గుడికి తీసుకుపోయి, జ్ఞానస్నానపు నీళ్లు పోస్తుంటే తన చేతుల్లో పట్టుకుని, ఇన్నాసి కోర్విల్ అని రాయమన్నాడు. ఫాదర్ కలం ఆపి, మీ పేరా అని అడిగాడట. నా పేరే, వీడు నా పెద్దకొడుకు అన్నాడట పాట్రిక్.

తర్వాత పాట్రిక్ పెళ్లి చేసుకున్నాడు, సొంత కొడుకు సెసిల్ పుట్టాడు. పాట్రిక్ పోగానే సెసిల్ ఆ మాట మరిచిపోయాడు. కొందరికి తండ్రి ఆస్తి గుర్తుంటుంది, మాట గుర్తుండదు. నేను రెండిళ్లలో పెరిగాను. డ్రైవర్ల బంగళాలో ఒకటి, కూలీల లైన్లలో ఒకటి. రెండిళ్ల మధ్య ఒక ముళ్లకంచె.

సెసిల్ కొడుకు ఓస్వాల్డ్. మెయిలు బండి డ్రైవరు. చేతి పనిలో పాట్రిక్‌కు తీసిపోడు. భార్య పోయాక మాటలు తగ్గించాడు. ఆమె అంత్యక్రియలకు రాలేదని గూడూరులో గార్డుగా ఉన్న బావమరిది లెస్లీ డిక్రూజ్‌తో ఆరేళ్లు మాట్లాడలేదు. హాల్లో గోడకు ఒక పటం. సింహం, డాలు, కింద కోర్విల్ వంశవృక్షం. లండన్ నుంచి తెప్పించాడు. సింహం కొమ్మ ఎప్పుడో ఎండిపోయిందని నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఓస్వాల్డ్‌కు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, డోరీన్. కాలనీ బడిలో టీచరు. మిగతా ఇళ్లవాళ్లు ఆస్ట్రేలియా ఓడలెక్కుతుంటే ఆమె పోనంది. ఇన్నాసి మనవడు బాలశౌరి ఓస్వాల్డ్ ఇంజన్ మీదే బొగ్గు వేసే ఫైర్‌మన్. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటామన్నారు.

ఓస్వాల్డ్ నవ్వాడు. మంచి నవ్వు కాదు. కంచె అవతలివాళ్లు ఒకసారి పేరు ఎత్తుకుపోయారు, ఇప్పుడు కూతుర్నీ ఎత్తుకుపోతారా అన్నాడు. డోరీన్ పటం వైపు చూపించింది.

"ఇంకెవరిని చేసుకున్నా ఆ పేరు నాతో పోతుంది డాడీ. అతన్ని చేసుకుంటేనే ఉంటుంది. ఆలోచించు."

ఓస్వాల్డ్ నాలుగు రోజులు ఆలోచించాడు. తన తర్వాత నేను పటంలోనే మిగులుతాననే భయం అతనికి ఎప్పటి నుంచో ఉంది. బొగ్గు పలచగా, పొయ్యి నిండా సమంగా చల్లే చెయ్యి బాలశౌరిదని అతనికి తెలుసు. అయిదో రోజు కంచె దాటాడు. పెద్దమనసు చేసి ఒప్పుకుంటున్నానని చెప్పడానికి పోయాడు.

ఇన్నాసి అప్పటికే పోయాడు. ఇంటికి పెద్ద అతని భార్య ఆరోగ్యమ్మ. చదువు లేదు. వాకిట్లో చేపలు కడుగుతోంది. ఓస్వాల్డ్ చెప్పింది విని, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"కుదరదు దొరా" అంది.

ఓస్వాల్డ్ ఇంత మాట ఊహించలేదు. ఎందుకని అడిగాడు.

"మీదీ కోర్విల్, మాదీ కోర్విల్. ఒకే ఇంటిపేరు. ఆ పిల్లకి మావాడు అన్న వరస. చెల్లెల్ని చేసుకుంటారా యాడన్నా?"

మీరు నిజం కోర్విల్ కాదు, నెత్తురు వేరే, మా పటంలో మీ ఆయన పేరే లేదు అన్నాడు ఓస్వాల్డ్. ఆ మాట అనడానికి అతను నలభై ఏళ్లు ఎదురుచూశాడు. తీరా కూతురి పెళ్లి కుదర్చడానికి అనాల్సి వచ్చింది.

"మీ పటంలో యాడుంటాది దొరా, నా మొగుడి నెత్తిన ఉండాది. నీళ్లు పోసేటప్పుడు పట్టుకున్న చెయ్యి మీ తాతది. పేరిచ్చినోడు తండ్రి కాకపోతే ఇంకెవురు? మా ఆయన పెద్దకొడుకు, మీ నాయన చిన్నకొడుకు. మీ నాయన పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలా. పదకొండు దినాలు మైల పట్టినాం. నీకు తెలవదులే."

ఓస్వాల్డ్‌కు నిజంగానే తెలియదు. నాకు తెలుసు. తొమ్మిది వందల ఏళ్లలో నన్ను కత్తి మీద చెక్కించినవాళ్లున్నారు, వెండి కంచాల మీద కొట్టించినవాళ్లున్నారు. నా కోసం ఒక పూట పస్తున్నవాళ్లను ఆ వాకిట్లోనే చూశాను.

ఆరోగ్యమ్మ, పిల్లలు ఏడుస్తున్నారు కాబట్టి ఒక దారి ఉందంది. పేరు తిరిగి ఇచ్చేస్తామంది. బాలశౌరి పోలయ్య మునిమనవడిగానే ఉంటాడు, గుడిలో మార్పించుకుంటాం, మా ఆయన ఒప్పుకోడు గానీ ఆయన లేడు కదా అంది.

ఓస్వాల్డ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా తాత ఇచ్చింది నేను తీసుకోను" అన్నాడు. "ఇంకో దారి చెప్పు. పెద్దమ్మా."

ఆమె తలెత్తి చూసింది. అప్పటి నుంచి దొరా అనలేదు.

"అట్టయితే విను అబ్బయా. పిల్లని మేనమామకి పెంపుకియ్యి. ఆయన ఇంటిపేరు కట్టుకుంటాది. ఆయన చేతి మీదగా మాకు ఇప్పించు. అప్పుడు వరస కుదురుతాది. మావాళ్లు చేసేదే."

మేనమామ అంటే లెస్లీ. ఓస్వాల్డ్ మొహం గట్టిపడింది. ఆరోగ్యమ్మకు ఆ గొడవ తెలుసు. తెలిసే చెప్పింది. మర్నాటి ప్యాసింజరుకు ఓస్వాల్డ్ గూడూరు పోయాడు. క్షమించలేదు. అడిగాడు, అంతే. లెస్లీ వస్తానన్నాడు.

పెళ్లి రోజు పొద్దున తొమ్మిది గంటలకు, బంగళా వరండాలో, కాలనీ అంతా చూస్తుండగా ఓస్వాల్డ్ కూతురి చెయ్యి లెస్లీ చేతిలో పెట్టాడు. ఆరోగ్యమ్మ పైనుంచి చెంబుతో నీళ్లు వదిలింది. మాట పైకి అనాలి, అందరికీ వినపడాలి అంది. ఓస్వాల్డ్ మొదటిసారి గొణిగాడు. రెండోసారి పైకే అన్నాడు.

"ఇది ఇంక నా కూతురు కాదు. నీ కూతురు."

డోరీన్ తల వంచుకుంది. లెస్లీ అందరిముందూ ఏడ్చాడు. చావుకు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. ఓస్వాల్డ్ అతన్ని ఓదార్చలేదు. రుమాలు మాత్రం ఇచ్చాడు.

షెడ్డు ఫిట్టరు చెంగయ్య ఊరుకునే మనిషి కాదు. "పొద్దున డిక్రూజ్, సాయంత్రం కోర్విల్. మన ప్యాసింజరు గూడా ఇంత బిరీన బోర్డు మార్చదబ్బా" అన్నాడు. ఓస్వాల్డ్ కూడా నవ్వాడు.

సాయంత్రం నాలుగింటికి గుడిలో లెస్లీ ఆమెను నడిపించుకుపోయాడు. ఓస్వాల్డ్ మగపెళ్లివారి వైపు, ఆరోగ్యమ్మ పక్కన కూర్చున్నాడు. వరసకు పెళ్లికొడుక్కి తండ్రిలాంటివాడు, అతని చోటు అదే. పుస్తకంలో డోరీన్ డిక్రూజ్ అని రాసి, కింద డోరీన్ కోర్విల్ అని సంతకం చేయించారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఆ పిల్ల దగ్గర నేను లేను. సముద్రాలు దాటినప్పుడు కూడా అంత బెంగ పడలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత ఆరోగ్యమ్మ పోయింది. డ్రైవర్ల వరసలో, పాట్రిక్ సమాధి పక్కన పూడ్చాలని ఓస్వాల్డ్ పట్టుబట్టాడు. శ్మశానం చూసే కమిటీ పెద్ద ఒకాయన, ఆ వరస డ్రైవర్ల కుటుంబాలవాళ్లకే కదా, ఈమె మీకేమవుతుందని అడిగాడు.

"మా పెద్దమ్మ" అన్నాడు ఓస్వాల్డ్.

రాయి ఓస్వాల్డే చెక్కించాడు, తెలుగులో. మొదట ఇంటిపేరు, తర్వాత మనిషి పేరు, ఆమె చెప్పుకునే పద్ధతిలో. పాట్రిక్ రాయి మీద, అంతకుముందు ఇంగ్లండులో, ఐర్లండులో నాచు పట్టిన రాళ్ల మీద, అంతటా నేను మనుషుల పేర్ల వెనకే ఉన్నాను.

ఈ రాయి మీద ముందున్నాను. కోర్విల్ ఆరోగ్యమ్మ.