పండగ దాటాక కోసిన పండ్లు

పులుపూ తీపీ కలిసిన వాసన.

వాన వెలిసిన గట్టు మీంచి వస్తోంది. ముళ్ళకంపల్లో మిగిలిన బ్లాక్‌బెర్రీలు మెత్తబడి, ఒక్కొక్కటే గడ్డిలోకి రాలుతున్నాయి. ఎవరూ కోయరు... కోయకూడదు.

మా ఊరికి ఇంకా కరెంటు రాని రోజులవి. మైకేలు దేవదూత పండగ వెళ్ళి పన్నెండు రోజులైంది. పండగ దాకా గాల్వే పట్నానికి పోయే దారి పొడవునా పిల్లా పెద్దా ముళ్ళు గీరుకుంటూ డబ్బాల నిండా కోస్తాం. తింటాం, జామ్ వండుతాం. పండగ రాత్రి సైతాను వచ్చి కంపలన్నిటి మీదా ఉమ్మేసి పోతాడు. మైకేలు స్వర్గం నుంచి తోసేస్తే వాడు పడింది ముళ్ళకంపలోనే మరి. ఆ కసి ఏటా తీర్చుకుంటాడు. ఆ తర్వాత ఆ పండ్లు తిన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా పోతారు.

మా అమ్మమ్మ చెప్పింది. మా అమ్మ చెప్పింది. నేను నమ్మాను.

అలాంటిది — లోర్కన్ వేళ్ళు ఊదాగా ఉన్నాయి.

నా మొగుడి వేళ్ళు.

"ఏంటా మరకలు?" అన్నాను.

"పొయ్యిలో మండించే ఎండు మట్టిపెళ్ళలు మోశాను కదా" అన్నాడు, చేతులు జేబుల్లోకి తోసుకుంటూ.

మట్టి మరక కడిగితే పోతుంది. ఇది పోలేదు. మర్నాడూ ఉంది. ఆ మర్నాటికి ఇంకా ముదిరింది.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి రోజూ నేనే తిండి పెట్టాను. ఎవరి కోసం కోస్తున్నాడు? ఎవతె తింటోంది? అతని చొక్కా వాసన చూశాను. సిగ్గు లేకుండా, రెండు సార్లు చూశాను.

నాలుగో రోజు పాలు పితికి లోపలికొస్తే, మా అత్త మంచం మీద కూర్చుని పెదాలు నాక్కుంటోంది.

ఊదా పెదాలు.

ఆవిడకి చూపు ఆనదు. నాలుగడుగులు వేయలేదు. గట్టు దాకా తనంతట తాను వెళ్ళే ప్రశ్నే లేదు.

పొలం ఇంకా ఆవిడ పేరునే ఉంది. "నేను పోయాకే నీకు" అని కొడుకుతో వందసార్లు అంది. వందసార్లూ అతను తల వంచుకునే విన్నాడు.

అయితే వేరే ఆడది లేదన్నమాట. సంతోషపడాలి నేను. పడలేదు... భయం వేసింది.

లోర్కన్ వచ్చాడు. కోటు కింద చిన్న రేకుడబ్బా.

"మీ అమ్మకి పెడుతున్నావా అవి?"

"అడిగింది. పెట్టాను."

"పండగ వెళ్ళిపోయిందని తెలీదా నీకు?"

"అమ్మకి తెలీదు. ఇది ఏ నెలో కూడా తెలీదు. పొద్దున లేస్తే 'పండ్లు తెచ్చావా నాన్నా' అంటుంది. లేవని ఎన్నిసార్లు చెప్పను?"

"అందుకని సైతాను ఉమ్మి తినిపిస్తావా? లేక... పొలం తొందరగా రావాలనా?"

అనేశాను. జారిన మాటని ఎవరు మాత్రం వెనక్కి తీసుకోగలరు?

అతను డబ్బాలోంచి గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఇంకొకటి తీసి నా ముందు చాపాడు.

"తిను, సొరఖా. నా చేత్తో ఇస్తున్నా."

నల్లగా, మెత్తగా, చిన్న పండు.

తింటే మొగుణ్ణి నమ్మినట్టు. అంతే కదా. అమ్మ మాట ఒకవైపు, అతని చెయ్యి ఒకవైపు — నా చెయ్యి మాత్రం లేవలేదు.

"ఏమే, తింటావా తినవా?" మంచం మీంచి అత్త కేకేసింది. "నీకొద్దంటే ఇటివ్వమను. నోరు తెరుచుకుని కూర్చున్నానిక్కడ!"

అతను వెళ్ళి ఆ పండు ఆవిడ నోట్లో పెట్టాడు. నా వైపు చూడలేదు.

అత్త ఆ చలికాలం దాటేసింది. ఇంకో ఆరు చలికాలాలూ దాటేసింది. సైతాను సంగతి నాకు తెలీదు.

కానీ ఆ రోజు మొదలు... ఆలుగడ్డల కంచం ముందు పెడితే లోర్కన్ వెంటనే తినడు. ఒక్క క్షణం ఆగుతాడు. నా మొహంలోకి చూస్తాడు.

ఎగతాళా? నిజంగానే భయమా? నేను అడగలేదు.

అతని కంచంలోంచి ఒక ముక్క తీసుకుని, రోజూ ముందు నేనే తింటాను.