ఎవ్వలకూ పనికిరాని కసరత్తు

"ఎడమ చేత్తోని అన్నం పెడ్తానవేందే?" అన్నడు ఎల్లస్వామి, కంచం ముందట కూసోని. మెల్లగ అనలేదు, పక్కింటోళ్లకు ఇనబడేటట్టు అన్నడు. పీట మీద కూసున్న అత్త మొగిలమ్మ గూడ తలెత్తి చూసింది. సోమక్క గంటెను కుడి చేతికి మార్చుకున్నది. భుజం లేవకపోతె నడుమంత వంచి, పక్కకు ఒరిగి, ఎట్లనో ఒక గంటెడు అన్నం ఆయన కంచంల ఏసింది. ఎడమ చేత్తోని వడ్డిస్తె తప్పని సోమక్కకు తెల్వదా? తెల్సు. పుట్టిన కాడికెళ్లి తెల్సు. కుడి చెయ్యికి ఏమైందని మాత్రం ఆ ఇంట్ల ఒక్కలన్న అడుగలేదు. ఆయన తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు, పేపరు పట్టుకోని వరండాల కుర్చీల కూసున్నడు.

ఎనభై మూడో సంవత్సరం ముచ్చట ఇది. హనుమకొండల కిరాయింట్ల కాపురం. ఎల్లస్వామి తాలూకాఫీసుల గుమస్తా, సోమక్క హసన్‌పర్తి బడిల టీచరు. పొద్దుగాల లేచి బాయిల నీళ్లు తోడాలె, చట్నీ నూరాలె, బట్టలు పిండాలె, అందరికీ వండిపెట్టి, తన డబ్బ తను కట్టుకోని బస్సుకు ఉరకాలె. రెక్క ఎప్పుడు బిగుసుకపోయిందో ఆమెకే సరిగ యాది లేదు. ఒకనాడు బస్సుల పైనున్న రాడు పట్టుకుందామంటె అందలేదు. ఇంకొకనాడు జడేసుకుందామంటె చెయ్యి మెడ దాంక గూడ పోలేదు. బడిల బోర్డు మీద పై సగం ఖాళీగనే ఉంటాంది, కింది సగంలనే రాస్తాంది. ఎనుక కూసున్న పిల్లలు లేచి నిలబడి, "టీచర్, కనబడ్తలేదు" అంటాండ్రు. ఆ మాట ఇన్నప్పుడల్ల ఆమెకు మనసు చివుక్కుమంటది. ఎందుకంటె సోమక్కకు ఇష్టమైనదంటు ఉంటె అదొక్కటే, బోర్డు నిండ ముత్యాలోలె అక్షరాలు రాసుడు. ఆ నౌకరి కోసమే ఆమె టీచరు ట్రైనింగు చేసింది, ఆ నౌకరి వల్లనే తన పేరుతోని పిలిచెటోళ్లు నలుగురు ఉన్నరు.

దవాఖానకు పోయింది. "బొక్కకేం కాలేదమ్మా, భుజం కీలు బిగుసుకపోయింది. ఆ చేత్తోని బరువులు ఎత్తుడు మానెయ్. మెల్లమెల్లగ కసరత్తు చెయ్" అన్నడు డాక్టరు. ఏం కసరత్తో చెప్పలేదు, ఆయనకు ఎనుక పెద్ద లైను ఉన్నది.

ఇంటికొచ్చి చెప్తె, ఎల్లస్వామి గడ్డం గీక్కుంట జరసేపు ఆలోచన చేసిండు. "అట్లయితె నౌకరి మానెయ్" అన్నడు. చూడుండ్రి ఆ తెలివి! బరువులు మానెయ్యాలంటె నౌకరి మానెయ్యాల్నట. బడిల ఆమె ఎత్తే బరువల్లా ఒక చాక్‌పీసు. ఇంట్ల ఎత్తెటియి బొక్కెనలు, గుండిగలు, తడిసిన చెద్దర్లు, రుబ్బురోటి పొత్రం. అవి ఆయన కండ్లకు బరువు లెక్క కనబడలేదు. "కసరత్తు గూడ చెయ్యమన్నడు" అని సోమక్క నోట్ల నోట్ల అన్నది. "ఇంట్ల చేసే పని చాలదా? కసరత్తులు మొగోళ్లయి. దసరా సెలవుల దాంక చూస్త, గప్పటికి చెయ్యి లేవకపోతె నౌకరి బందు" అని ముచ్చట ముగించిండు. సోమక్కకు ఆ రాత్రి ఒక్కటే ఫికరు. చెయ్యి కాదు, బడి.

ఫాతిమా బేగం సంగతి ఆమెకు చెప్పింది దర్జీ పని చేసే మల్లక్క. ఫాతిమా బేగం హనుమకొండ ఆడపిల్లల హైస్కూలుల డ్రిల్లు టీచరు. చీర కుచ్చిళ్ల కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడల ఈల, నడిస్తె గల్లీ అంత తనదే అన్నట్టు నడుస్తది. బడి అయినంక, తనను ఆపా, అంటె అక్కా అని పిలిచే వాడకట్టు ఆడోళ్లకు ఎవలకు ఏ నొప్పి ఉంటె దానికి తగ్గ కసరత్తు చెప్తది. కుట్టు మిషను మీద వంగి వంగి మెడ పట్టుకున్న మల్లక్కకు ఒక తీరు, మోకాళ్లు వాసిన చిలుకమ్మవ్వకు ఇంకొక తీరు. ఒకళ్లకు చెప్పింది ఇంకొకళ్లు చేస్తె మాత్రం ఊకోదు. "నీ జాకిటి నాకు పడుతదా? కసరత్తు గూడ అంతే, ఎవల కొలత వాళ్లకు తియ్యాలె" అంటది.

కొలత తీసుడు గూడ ఆమెది ఒక తీరు. టేపు లేదు, ఏం లేదు. బడి లేని ఐతారం పొద్దుగాల సోమక్క ఇంటికి వచ్చి, చాయ తాగుకుంట వంటింటి గడప మీద కూసున్నది. "నేను ఉన్నట్టు మర్చిపో, నీ పని నువ్వు చేస్కో" అన్నది. కోడలి బడి స్నేహితురాలు ముచ్చట్లకు వచ్చిందనుకున్నది మొగిలమ్మ. సోమక్క నీళ్లు తోడింది, పప్పు రుబ్బింది, బట్టలు పిండింది. ఫాతిమా చాయ చల్లారిపోయింది, కండ్లు మాత్రం సోమక్క భుజం మీదికెళ్లి పక్కకు జరుగలేదు. సోమక్కకు సిగ్గు అనిపించింది. పెండ్లయిన కాడికెళ్లి ఆమె చేసిన చట్నీని చూసినోళ్లు ఉన్నరు, పిండిన బట్టను చూసినోళ్లు ఉన్నరు. నూరే చేతిని చూసిన మనిషి ఇగో ఇప్పుడు వచ్చింది.

"సోమా," అన్నది ఫాతిమా మెల్లగ, "నువ్వు ఆ చేత్తోని చేసేటియన్నీ కిందికి గుంజుడు, ముందుకు నూకుడు, పిండుడు. చెయ్యి పైకి లేపే పని పొద్దటిసంది ఒక్కటి గూడ చెయ్యలే."

"పైకి లేపెటందుకు ఇంట్ల ఏమున్నది ఆపా?" అన్నది సోమక్క. ఫాతిమా చాయ గ్లాసు పక్కకు పెట్టింది. సోమక్క చెయ్యి పట్టుకోని, ఎంతదాంక లేస్తదో, ఎక్కడ నొప్పి మొదలైతదో, పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోని చూసింది. పని చెయ్యమని కాకుండ ఆమె చెయ్యిని ముట్టుకున్నోళ్లు ఎంతమంది? సోమక్క ముఖం అటు తిప్పుకున్నది.

అయితె ఇంట్ల కసరత్తు అంటె ఒప్పుకోరు గద! ఫాతిమా దానికి గూడ ఉపాయం చెప్పింది. "బాయికాడ గిరక ఉన్నది చూడు. ఒట్టి బొక్కెన కట్టి, ఎడమ చేత్తోని తాడు కిందికి గుంజు, కుడి చెయ్యి బొక్కెన దిక్కు తాడు పట్టుకోని ఊరికె పైకి పోనియ్. బలం పెట్టకు. బూజు దులిపినట్టు గోడ మీద ఏళ్లతోని నడుచుకుంట పైకి పో. ఊడ్చేటప్పుడు వంగి, ఆ చెయ్యిని అట్ల ఏలాడదీసి అటు ఇటు ఊపు. చూసినోళ్లు పని చేస్తాందనే అనుకుంటరు." సోమక్క నోరు తెరిచింది. అబ్బ, ఏం బుర్ర! ఇల్లును ఇల్లు లెక్కనే ఉంచి, దాన్లనే తన కోసం ఒక దారి తీసిపెట్టింది. ఆ వారమంత సోమక్క ఊడుస్తాంటె లోపల్లోపల నవ్వుకునేది. చెయ్యి మెల్లగ దవడ దాంక లేచింది, చెవు దాంక లేచింది. ఒకనాడు జడ తనే ఏసుకోని అద్దం ముందట నిలబడ్డది. వంకర జడే, కానీ ఎంత మురిసిపోయిందో!

ఆ మురిపెం ఎన్నో రోజులు నిలువలేదు. మొగిలమ్మ కండ్లు శానా చురుకైనయి. కోడలు ఊకె గోడలు దులుపుతాంది, ఊకె బాయికాడికి పోతాంది. "మా కోడలు మంచిగైంది, ఉషారైంది" అని గల్లీల చెప్పుకున్నది. ఒకనాడు బాయికాడికి వచ్చి చూసింది. "ఒట్టి బొక్కెన దించుడేందే, పిచ్చి లేసిందా? ఎట్లనన్న గుంజుతనే ఉన్నవు, నింపి గుంజు. దుప్పట్లు నానబెడ్త" అన్నది. సోమక్క ఏం చెప్తది? కసరత్తు చేస్తాన అని చెప్పలేదు, పని అనే చెప్పుకున్నది గద. నింపి గుంజింది. బూజు సంగతి అంతకన్న అన్యాయం. ఇల్లంత అద్దమోలె మెరుస్తాంటె, "గట్లనే మా చెల్లె ఇంటికి గూడ ఒకసారి పోయి దులిపి రా, దసరా వస్తాంది" అన్నది అత్త. సోమక్క ఐతారం అంత మడికొండల ఆ ఇంట్ల, కట్టె పట్టుకోని దూలాల మీది బూజు దులుపుకుంట గడిపింది. మంచిగైన చెయ్యి మళ్ల బిగుసుకున్నది. ఈసారి గ్లాసు ఎత్తుడు గూడ కష్టమైంది.

అసలు దెబ్బ బడిల తగిలింది. హెడ్మాస్టరు వెంకట్రాజం సారు పిలిచి, "ఏందమ్మా, పండుగ నుంచి మానేస్తానవట గద? మీ ఆయన వచ్చి చెప్పిపోయిండు. ఇంకొక టీచరును అడుగాల్నా?" అన్నడు. తన నౌకరి గురించి తన మొగుడు, తన హెడ్మాస్టరు మాట్లాడుకున్నరు, తనకు మాత్రం చివరికి తెలిసింది. "జర ఆగుండ్రి సార్, నేను చెప్త" అని బయటికి వచ్చింది. ఇంటికి పోలేదు, సీదా ఫాతిమా ఇంటికి పోయింది.

ఫాతిమా ఆ చెయ్యిని పట్టుకోని చూడంగనే ముఖం మాడిపోయింది. "ఏం చేసినవే?" అని అడిగితె సోమక్క అంత చెప్పింది. నిండు బొక్కెన, దుప్పట్లు, మడికొండ దూలాలు, హెడ్మాస్టరు మాట, అన్ని ఏడ్సుకుంట చెప్పింది. ఫాతిమా ఆ చెయ్యిని మెల్లగ సోమక్క ఒడిల పెట్టింది. తర్వాత అన్నది: "కొలత మంచిగనే తీసిన, కుట్టుడే తప్పు కుట్టిన. నీ కసరత్తును పని లెక్క కుట్టిన. పని లెక్క కనబడ్తె అది ఇంటిదైతది సోమా. ఇల్లు గుంజుకుంటది. నీకు మిగులది."

"నువ్వేం తప్పు చేసినవ్ ఆపా..."

"చేసిన. ఎందుకు చేసిననో గూడ చెప్పనా? బడిల నా ఈల ఊదితె పిల్లలంత లైనుల నిలబడ్తరు. ఇంట్ల నా కసరత్తు నేను తలుపేసుకోని, రేడియో గట్టిగ పెట్టి చేస్కుంట. తాడు ఎగిరితె చప్పుడు ఇనబడొద్దని కాళ్ల కింద బొంత ఏస్కుంట. మా ఆయన ఆజం ఎన్నడు తప్పనలే, అయినా దాచుకున్న. దాచుకునుడే నాకు అలవాటైంది, నీకూ అదే నేర్పిన." ఫాతిమా నవ్వింది, కండ్లల్ల నీళ్లు ఉన్నయి. అంత మనిషి, గల్లీని బూట్లతోని కొలిచి నడిచే మనిషి, బొంత ఏస్కోని ఎగురుతదట! సోమక్కకు ఆమె మీద గౌరవం తగ్గలేదు, ఇంకింత పెరిగింది. తప్పును తప్పు అని ఒప్పుకునే పెద్దోళ్లను ఆమె ఎక్కడ చూసింది?

ఫాతిమా లేచి నిలబడ్డది. "ఇగ కొత్తది చెప్త. దీనికి ఒక్కటే షర్తు. దీంతోని ఇంట్ల ఎవ్వలకూ ఏ లాభం ఉండొద్దు. నీళ్లు రావొద్దు, గోడ సాఫ్ కావొద్దు, చట్నీ కావొద్దు. నీ భుజానికి తప్ప ఎవ్వలకూ పనికిరాని కసరత్తు. ముంగట వరండాల, ఎల్తురుల, దూలానికి తాడేసి చెయ్. ఒక కొస ఎడమ చేతిల, ఒక కొస కుడి చేతిల. అది గుంజితె ఇది లేస్తది. బరువులు బందు, అంటె బందే."

"అందరు చూస్తరు ఆపా. ఆయన ఊకోడు."

"చూడనియ్. నేను గూడ రేపటిసంది తలుపు తీసే చేస్త. ఆజం ఏమంటడో చూద్దాం."

తెల్లారి ఎల్లస్వామి పేపరు పట్టుకోని వరండాలకు వచ్చేవరకు, దూలానికి తాడు ఉన్నది, దాని కింద స్టూలు మీద సోమక్క ఉన్నది. ఎడమ చెయ్యి కిందికి దిగుతాంది, కుడి చెయ్యి తాడు పట్టుకోని మెల్లగ పైకి పోతాంది. నొప్పికి పండ్లు కొరుక్కుంటాంది, కానీ ఆపుతలేదు. గల్లీల పోతున్న పక్కింటి ఉప్పలయ్య సైకిలు ఆపి నిలబడ్డడు. ఎల్లస్వామికి ఎక్కడ లేని సిగ్గు ముంచుకొచ్చింది.

"ఇంటి ముంగట ఈ సర్కసేందే? లే, లోపలికి పో."

"డాక్టరు చెయ్యమన్నది ఇదే."

"చెప్పిన గద, పండుగ నుంచి నౌకరి బందు చేసి ఇంట్ల ఆరాంగ ఉండమని. హెడ్మాస్టరుకు గూడ చెప్పిన."

"తెల్సు. ఇయ్యాల పోయి నేను గూడ చెప్త, మానేసేది లేదని." సోమక్క తాడును ఇంకింత గుంజింది. "బరువు మానెయ్యమన్నడు డాక్టరు. బడిల బరువు లేదు. బరువు ఎక్కడున్నదో అదే మానేస్తాన. రేపటిసంది నీళ్లు మీరు తోడుండ్రి."

ఎల్లస్వామి పేపరు మడిచి చంకల పెట్టుకున్నడు. ఉప్పలయ్య నవ్వాపుకుంట సైకిలెక్కిండు. లోపటికెళ్లి మొగిలమ్మ కొంగు సదురుకుంట వచ్చి గడపల నిలబడ్డది. కొడుకు ముఖం చూసింది, తాడును చూసింది. బొక్కెన లేదు, గుడ్డ లేదు, చీపురు లేదు. ఆమెకు ఏం అర్థం కాలేదు.

"పొద్దుపొద్దున ఇదేం పని చేస్తానవే పిల్లా?" అన్నది.

సోమక్క చెయ్యి తల దాటి పైకి పోయింది. అక్కడ్నే జరసేపు నిలిపి, దాని దిక్కు చూసుకుంట అన్నది.

"ఏ పనీ చేస్తలేనత్తా."