పొడుగు స్వరం దగ్గర

అన్నయ్యకు వచ్చిన జబ్బు గురించి చెబితే సగం మంది నవ్వేవారు, మిగతా సగం నమ్మేవారు కాదు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటే ఎడమచేతి వేళ్లు బాగుంటాయి. బూటు లేసు కట్టుకున్నా, ఉల్లిపాయ పట్టుకుని తరిగినా బాగుంటాయి. గిటార్ మెడ పట్టుకోగానే మాత్రం ఉంగరపు వేలూ చిటికెన వేలూ, పుల్లతో పొడిచిన రోకలిబండ పురుగులా లోపలికి ముడుచుకుపోతాయి. నరాల డాక్టరు అరగంట పరీక్ష చేశాడు. వేళ్లకేమీ కాలేదనీ, ముప్ఫై ఏళ్లు ఒకే పని చేయించేసరికి మెదడే వాటిని కలగాపులగం చేసుకుందనీ, తగ్గొచ్చు తగ్గకపోవచ్చనీ చెప్పాడు.

"ఆ ముక్క మన పక్కింటావిడైనా చెబుతుంది," అంది వదిన బయటికి వస్తూ. అన్నయ్య నవ్వాడు. చెల్లెలికి నవ్వు రాలేదు.

అమ్మా నాన్నా పోయినప్పుడు ఆమెకు పదేళ్లు, అన్నయ్యకు ఇరవై. జడ వేయడం రాక, గిటార్ తీగలు చుట్టినట్టు జుట్టు చుట్టి బడికి పంపిన మనిషి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, ఇరవై ఏళ్లుగా పదిమందికీ వేళ్లు ఎలా పెట్టాలో నేర్పినవాడికే ఈ గతి పట్టాలా అనుకుంది ఆమె.

అన్నయ్యది అయిదుగురి బ్యాండు. శనివారం సాయంత్రాలు ఒక హోటల్ కింది హాల్లో వాయిస్తారు. పద్దెనిమిదేళ్లుగా ఆఖరి పాట ఒక్కటే: ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన పాత లాటిన్ రాక్ పాట. మాటలు స్పానిష్‌లో ఉంటాయి. పాడేవాడికి ఆ భాష ఒక్క ముక్క రాదు. ప్రియురాలిని పిలుస్తున్నాడో, పోట్లాడుతున్నాడో వాడికే తెలియదు. అయినా హాలంతా లేచి నిలబడేది ఆ పాటకే, అదీ అన్నయ్య గిటార్ కోసం. చేతులతో వాయించే పొడవాటి డోళ్ల మోత మీదుగా గిటార్ మెట్టు మెట్టు ఎక్కి, ఒక్క స్వరం దగ్గర ఆగిపోతుంది. ఆ స్వరం సాగుతూనే ఉంటుంది. వినేవాళ్లు ఊపిరి తీసుకోవడం మరిచిపోయాక గానీ అన్నయ్య దాన్ని వదిలేవాడు కాదు.

బ్యాండుకు పెద్ద, డ్రమ్ములు వాయించే ఆయన. అందరూ ఆయన్ని దరువు బాబాయ్ అంటారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. ఒక ఆదివారం, చెల్లెలు కూడా ఉండగా, అన్నయ్య ఇంటికి వచ్చి, టీ చల్లారిపోయేదాకా ఊరికే కూర్చుని, చివరికి నోరు విప్పాడు.

"ఆరు వారాలు ఆగుతానయ్యా. హాలు వార్షికోత్సవం నాటికి నీ చెయ్యి కుదురుకుంటే నువ్వే. లేకపోతే ఇంకో మనిషిని చూసుకోక తప్పదు. తప్పుగా అనుకోకు."

"ఇంకో మనిషెందుకు బాబాయ్? మా చెల్లి లేదూ? నాకు తగ్గేదాకా నా బదులు వాయిస్తుంది," అన్నాడు అన్నయ్య.

"నేనా?" అంది ఆమె.

ఆమె కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అద్దాలను యంత్రం మీద అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చడమే పని. చిన్నప్పుడు అన్నయ్య పక్కన కూర్చుని మామూలు పాటలకు గిటార్ మీద తాళం వాయించేది తప్ప, ఈ పాట జోలికి ఎన్నడూ పోలేదు. అయినా అన్నయ్య మొహం చూశాక కాదనలేకపోయింది.

పని అయ్యాక తిన్నగా అన్నయ్య ఇంటికి వచ్చేది. ముందు గదిలో రెండు కుర్చీలు, వాటి మధ్య గిటార్ మోత పెంచే ఆంప్ పెట్టె. అన్నయ్య గిటార్ ముట్టుకోకుండా నోటితో నేర్పేవాడు. "తీగ నొక్కకే, పైకి నెట్టు. వేలితో కాదు, మణికట్టుతో. అదిగో, మళ్లీ వేలే! నీ వేలికేమైనా వేరే కాపురం ఉందా?" ఆమె నవ్వి మళ్లీ మొదలుపెట్టేది. వేళ్ల చివర్లు పుండ్లు పడ్డాయి, తర్వాత కాయలు కాచాయి. పొడుగు స్వరం మాత్రం కొండెక్కి కూర్చుంది. తీగ పైకి వెళ్లేది, కాసేపు వణికేది, చచ్చిపోయేది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం షాపుకు సెలవు. అన్నయ్య డాక్టరుకు చెయ్యి చూపించుకోవడానికి వెళ్లాడు. ఆమె ముందు గదిలో ఒక్కతే కూర్చుని మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. పొడుగు స్వరం దగ్గర ఆంప్ వైపు తిరిగి, అన్నయ్య చెప్పినట్టే మణికట్టుతో తీగను నెట్టి పట్టుకుంది. అది నిలబడింది. గది గోడలను పట్టుకుని నిలబడింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వదిన తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి, "ఆయన ఎప్పుడొచ్చారు?" అని అడిగి, చూసి, అక్కడే నిలబడిపోయింది.

ఆమెకు సంతోషం కలగాలి. భయమేసింది. తనకు వచ్చేసిందని తెలిస్తే దరువు బాబాయ్ ఇక ఎవరి కోసం ఎదురుచూస్తాడు? అన్నయ్య తిరిగి రావడానికి చోటేది? బ్యాండులో అతని కుర్చీలో తను కూర్చున్నాక, అందులోంచి అన్నయ్యను లేపేసినట్టే కదా!

"వదినా, ఈ సంగతి అన్నయ్యకు చెప్పకు. నా మీద ఒట్టు."

ఆ సాయంత్రం నుంచి పొడుగు స్వరం దగ్గర ఆమె కావాలని తప్పడం మొదలుపెట్టింది. మిగతా పాటంతా వాయించి, అక్కడికి రాగానే మణికట్టు సడలించేది. తీగ చచ్చిపోయేది. "పోనీలే, అది అంత సులువు కాదు," అనేవాడు అన్నయ్య. ఆమె వెళ్లాక అతను గిటార్ తీసి ప్రయత్నిస్తున్నాడని వదిన ద్వారా తెలిసి మురిసిపోయింది. తన తప్పు అతనికి పట్టుదల తెప్పిస్తోందనుకుంది. నాలుగో వారంలో అతను తన దగ్గర నేర్చుకునే బ్యాంకు ఉద్యోగినీ, ఇద్దరు కాలేజీ అమ్మాయిలనూ ఇక రావద్దని పంపేశాడు. చేతికి విశ్రాంతి కోసమే కాబోలు అనుకుంది. మంచి చేస్తున్నాననే ధీమాలో ఉన్నవాళ్లకు ఎదురుగా ఉన్నది కనబడదు.

ఆరో వారం దరువు బాబాయ్ వినడానికి వచ్చాడు. ఆమె వాయించింది. అదే చోట తప్పింది. "ఇంకోసారి," అన్నాడు అన్నయ్య కళ్లు మూసుకుని. మళ్లీ వాయించింది. మళ్లీ అదే చోట తప్పింది.

"ఇంకో కుర్రాడున్నాడయ్యా. రేపు ఫోన్ చేస్తాను వాడికి," అన్నాడు బాబాయ్ లేస్తూ, ఎవరి మొహమూ చూడకుండా.

ఆయన గేటు వేసిన చప్పుడు వినబడ్డాక అన్నయ్య కళ్లు తెరిచాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏంటన్నయ్యా?"

"చేతకానివాడు రోజుకో చోట తప్పుతాడే. ఇరవై ఏళ్లు చూశాను. రోజూ ఒక్కచోటే, అదీ అంత శుభ్రంగా తప్పాలంటే పాటంతా వచ్చుండాలి. ఇందాక వరసగా రెండుసార్లు విన్నాక గానీ వెలగలేదు నాకు. ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు," అంది ఆమె. "నీ చోటు నీకుండాలని."

అన్నయ్య మాటలో కోపం లేదు, అదే ఆమెను కోసేసింది.

"వేళ్లు పోయాయని తెలిసిన రోజు నేను ఏడవలేదు. పాఠాలు చెప్పడం మిగిలిందిలే అనుకున్నాను. నీకు చెప్పాను. రాలేదు. మళ్లీ చెప్పాను. రాలేదు. సొంత చెల్లెలికే ఒక్క స్వరం నేర్పలేనివాణ్ని, ఊళ్లోవాళ్ల పిల్లలకేం నేర్పుతాను? అందుకే వాళ్లని పంపేశాను. మూడు వారాలుగా నాకు పాఠం చెప్పడం కూడా పోయిందనే అనుకుంటున్నానే."

ఆమె ఏడ్చింది. వదిన గుమ్మం పట్టుకుని తనూ ఏడ్చింది. అన్నయ్య ఊరుకోమనలేదు.

"వాయించు," అన్నాడు.

కన్నీళ్లు తుడుచుకుని వాయించింది. పొడుగు స్వరం దగ్గర తీగను నెట్టి పట్టుకుంది. ఈసారి సడలించలేదు. అన్నయ్య ఎడమచెయ్యి మోకాలి మీద ఉంది. గిటార్ లేని ఆ చేతి అయిదు వేళ్లూ నిటారుగా, ఏ జబ్బూ ఎరగనట్టు, ఆమె వేళ్లతోపాటే కదిలాయి. స్వరం పూర్తయ్యేదాకా అతను ఊపిరి తీసుకోలేదు.

తర్వాత ఫోన్ అందుకున్నాడు.

"బాబాయ్, ఆ కుర్రాడికి చెప్పొద్దు. మా చెల్లి వస్తుంది." అవతలి మాట విని తల అడ్డంగా ఊపాడు. "లేదు బాబాయ్. నా బదులు కాదు. ఇక తనే."