కర్రి మెడకు ఉన్నితాడు

మూతి మీద రెండు నెత్తుటి చుక్కలు. నల్ల మూతి... అందుకే ముందు ఎవరికీ కనిపించలేదు.

కర్రి నాలుకతో నాక్కుంటుంటే తిరుపాలమ్మ చూసింది.

గండికోట కింద రాళ్లగుట్ట. మేస్తున్న గొర్రెలు. వాటికీ రక్తపింజరి పాముకూ నడుమ వెళ్లి నిలబడింది కర్రి. కుక్కే. కానీ ఆ ఇంట్లో సంగటి ముద్ద ముందు దానికే పడేది.

కాటు పడిందంటే కట్టు పడాలి. కాటుకూ గుండెకూ నడుమ పడాలి. తాతల నాటి మాట. తిరుపాలమ్మ మొగుడు వెంకటేశు ఎన్ని గొర్రెల కాళ్లకు కట్టలేదు!

కానీ ఇది మూతి కాటు.

మూతికీ గుండెకూ నడుమ ఉన్నది — మెడ.

వెంకటేశు తన చేత్తో వడికిన ఉన్నితాడు తీశాడు. ఊపిరాడేంత వదులుగానే కట్టాడు. ప్రాణం విలువ తెలియనివాడు కాదు.

కర్రిని ఎక్కించుకుని, ఊళ్లో బండి తోలే దావూద్ జట్కా జమ్మలమడుగు దారి పట్టింది. కర్నూలు రాజధాని అయిన ఏడు అది. జమ్మలమడుగు పశువుల ఆసుపత్రికి పాము మందు వచ్చిందని సంతలో విన్నారు. ఆ మాట ఒక్కటే వాళ్ల ఆశ.

మూతి ఉబ్బింది. చెంపలు ఉబ్బాయి. మెడ ఉబ్బింది.

తాడు మాత్రం సాగలేదు.

"మామా, ఇప్పు. దానికి ఊపిరి ఆడతాల్యా," అంది తిరుపాలమ్మ మొగుడితో.

"ఇప్పితే విషం గుండెకెక్కుతాది. నువ్వు ఊరకుండు."

గురగుర... గురగుర... నాలుక నల్లబడుతోంది. అయ్యో, ఆ కళ్లు చూడలేం.

వెంకటేశు ఇంకో ముడి బిగించాడు.

ప్రేమతోనే బిగించాడు. అదే ఘోరం.

జట్కా ఆసుపత్రి ముందు ఆగగానే డాక్టరు మందు నింపిన సూదితో పరుగున వచ్చాడు. కత్తెరతో తాడు కోశాడు. రొమ్ముకు చెవి ఆనించాడు. లేచాడు. సూది చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరయ్యా మెడకు కట్టింది? విషానికి ఇంకా టైముంది. ఈ సూది పడితే బతికేది. ఊపిరాడక చచ్చిపోయింది."

వెంకటేశు మొహం ఒక్కసారిగా వెలిగింది.

"అంటే సామీ... విషం గుండెకు ఎక్కల్యా అంటారా?"

దావూద్ తల తిప్పుకున్నాడు.

తిరుపాలమ్మ మొగుడి మొహంలో ఆ వెలుగు చూసింది. ఇంకొక్క క్షణంలో అతనికి అర్థమవుతుంది...

ఆ క్షణం రాకముందే అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.