అవతలి పక్షం మాట

అద్దం ముందు నిలబడి ఆ పిల్ల ఇంగ్లీషులో ఉపన్యాసం దంచేస్తోంది. వీధిలో అందరూ ఆమెను 'మైకు' అనే పిలుస్తారు, గొంతు అలాంటిది మరి! పదో తరగతి చదువుతోంది. మంచం మీద కూర్చుని యూనిఫారం మడతపెడుతున్న తల్లికి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా లోలోపల పొంగిపోతోంది. ఏ తల్లి పొంగిపోదు చెప్పండి?

తల్లి పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో. వేడి రోలర్ల మధ్య నుంచి బయటికొచ్చిన దుప్పటికి ఒక కొస ఈమె, రెండో కొస పెద్దక్క పట్టుకుని మడుస్తారు. పెద్దక్క తోడబుట్టినది కాదు. కానీ భర్త పోయి ఈమె మంచం దిగని రోజుల్లో, పసిపిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం ముద్దలు తినిపించింది ఆవిడే. ఆ సాయంత్రం ఆవిడా అక్కడే కూర్చుని టీ తాగుతోంది.

"మా మట్టిబుర్రలకి కూడా ఎక్కేట్టు తెలుగులో చెప్పవే మైకూ," అంది పెద్దక్క.

పిల్ల వెంటనే అందుకుంది. "కష్టపడి సంపాదించిన జీతం పూర్తిగా మన చేతికి రావాలి. ఎప్పుడో ముసలితనంలో ఇస్తామంటూ ఈరోజు మన కంచంలోంచి తీసి నిధిలో వేయడం ఏం న్యాయం? మన డబ్బు దాచుకోవడం మనకి చేతకాదా?"

ఆడవాళ్ళిద్దరూ ముఖాలు చూసుకున్నారు. పనివాళ్ళ జీతంలో కొంత కోసి ప్రభుత్వ నిధిలో వేయాలన్న నియమం కొత్తగా వచ్చింది. వద్దనుకున్నవాళ్ళు సంతకం పెడితే జీతమంతా చేతికిచ్చేస్తానని యజమాని ఆ వారమే అన్నాడు. పెట్టాలా వద్దా అని వీళ్ళు తల బద్దలు కొట్టుకుంటున్నారు.

"ఇది మీ బళ్ళో చెప్పారా?" అని అడిగింది తల్లి.

"అవునమ్మా. ఇంగ్లీషు టీచరు రాయించింది. ఆ సంగతులన్నీ డబ్బు పాఠాల క్లాసులోవే."

"అయితే కోత వద్దనడమే మంచిదంటావు."

"ఒప్పేసుకున్నావా? ఇంకేం, రేపు పోటీలో కప్పు నాదే!" అంటూ పిల్ల గంతులేసింది.

మర్నాడు పిల్ల కప్పు గెలిచింది. అదే రోజు ఆ ఇద్దరూ సంతకాలు పెట్టారు.

చేతికొచ్చిన ఆ నాలుగు రాళ్ళూ ఎటు పోయాయో తెలియకుండానే ఖర్చయిపోయాయి. మనందరి ఇళ్ళలోనూ జరిగేదే. అలా రోజులు గడుస్తుండగా ఒకనాడు దుప్పటితో పాటు పెద్దక్క కుడిచెయ్యి రోలర్ల మధ్యకు వెళ్ళిపోయింది. ప్రాణం దక్కింది. ఆ చెయ్యి ఇక పనికి రాదన్నారు డాక్టర్లు.

"నిధిలో ఉంటే వైద్యం జరిగేది, నెలనెలా పింఛనూ వచ్చేది," అన్నాడు యజమాని తీయగా. "మీతో సమానంగా నేనూ వేసేవాణ్ణి కదా. మీరే వద్దన్నారు, నేనేం చెయ్యను?"

తన వాటా మిగుల్చుకోవడానికే ఆ సంతకాలు అడిగాడని తల్లికి అప్పుడు తట్టింది. విసవిసా నడిచి ఇల్లు చేరింది.

"యజమాని కూడా అంతే వెయ్యాలట. దెబ్బ తగిలితే నిధివాళ్ళే చూస్తారట. మీ బళ్ళో ఈ ముక్క చెప్పి చావలేదా?"

పిల్ల తల దించుకుంది. "చెప్పారమ్మా."

"అంటే నీకు తెలుసా?"

"తెలుసు. కానీ అది అవతలి పక్షం పాయింటు."

"పక్షమేమిటే?"

పిల్ల గొంతు మొదటిసారి సన్నబడింది. వాదన పోటీకి చీటీలు తీస్తారు. ఏ పక్షం వస్తే ఆ పక్షమే మాట్లాడాలి. మన వాదనకు దెబ్బ తగిలే మాట నోటి నుంచి రానివ్వకూడదు. ఆ మాట దాచి నెగ్గుకొచ్చినందుకే జడ్జీలు తనను మెచ్చుకున్నారు.

"నేను నీకు అవతలి పక్షమా?" అంది తల్లి. "పెద్దమ్మ నీకు అవతలి పక్షమా?"

"మీరు ఊరికే వింటున్నారనుకున్నానమ్మా."

"నువ్వు పుస్తకం పట్టుకుని చెప్పావంటే మాకదే శాసనం! ఆ యజమాని మోసం చేస్తే తిట్టుకుని ఊరుకుందును. నువ్వు... నువ్వు నట్టేట ముంచావు కదే!"

మర్నాడు ఆమె ఆ కప్పు సంచిలో వేసుకుని బడికి వెళ్ళింది. "మేం వాదించడం నేర్పామమ్మా, నమ్మమని ఎవరన్నారు?" అంది ఇంగ్లీషు టీచరు. డబ్బు పాఠాల మాస్టారు, "నిధి గురించి నా పరీక్షలో మీ అమ్మాయికి నిండా మార్కులొచ్చాయే!" అన్నాడు. పాఠకులారా, వాళ్ళు అబద్ధమాడలేదు. ఒక గదిలో నిజం నేర్పారు, పక్క గదిలో దాన్ని దాచడం నేర్పారు, రెండింటికీ మార్కులు వేశారు. ఆ పిల్ల ఇంటికెళ్ళి ఏం చెబుతోందో అడిగే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. తల్లి కప్పును బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆ సాయంత్రం పిల్ల పెద్దక్క ఇంటికి వెళ్ళింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో తినలేక అవస్థ పడుతోంది ఆవిడ. పిల్ల కంచం అందుకుని ముద్ద కలిపి నోటికందించింది. ఇద్దరి కళ్ళూ నిండాయి.

"నామీద కోపంగా ఉందా పెద్దమ్మా?"

"లేదని అబద్ధమెందుకు, ఉంది. నిన్ను చూస్తే ఈ చెయ్యే గుర్తొస్తోంది." ఆవిడ ముద్ద మింగింది. "కొత్తగా చేరినవాళ్ళని కూడా సంతకాలు అడుగుతున్నాడట. రేపు లాండ్రీకి పో. ఆ మైకు గొంతుతోనే, ఆ రోజు మాకు దాచిన మాట వాళ్ళకి చెప్పు."

"చెబుతా పెద్దమ్మా."

"చదువు రానివాళ్ళం చదువుకున్నవాళ్ళ నోటినే నమ్ముకుని బతుకుతామే తల్లీ. ఆ నోటితో సగం నిజం చెప్పి ఊరుకోవడమంటే, నమ్మినవాళ్ళ గొంతు కోయడమే!"