మూడో అంతస్తు బల్ల

పింఛను ఆఫీసులో లిఫ్టు ఉంది. సిబ్బందికి మాత్రమే. ఆ సంగతి బోర్డు మీద రాసి, చదువురానివాళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చెప్పడానికి ఒక కాపలావాణ్ణి కూడా పెట్టారు. పింఛను అడిగే ముసలివాళ్లు మాత్రం మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, గుమాస్తా బల్ల ముందు తామే నిలబడి వేలిముద్ర వెయ్యాలి. ఆ రోజే ఆఖరి రోజు.

"రెండంతస్తులు అయిపోయాయి పెద్దనాన్నా, ఇంకొక్కటే" అంటోంది టైలరక్క. బజారులో మిషను కుట్టుకుంటూ, ముసలి హమాలీలకు ఊరికే ఫారాలు నింపిపెట్టే మనిషి. ఆమె భుజం పట్టుకుని ఎక్కుతున్న పెద్దాయన నలభై ఏళ్లు మూటలు మోసి నడుం పోగొట్టుకున్నవాడు. ఈయనకు మంజూరైతేనే ఈయన తర్వాత భార్యకు వస్తుంది. లేదంటే ఆమెకు గంజి పోసే దిక్కు కూడా లేదు.

"ఈ ఆఫీసు బీరువాలన్నీ నా వీపు మీదే ఎక్కాయి" అన్నాడు రొప్పుతూ. "ఆ గుమాస్తా బల్లనీ నేనే ఎక్కించాను. నన్నెక్కించేవాడే లేడు! కాస్త కూర్చోనీ తల్లీ."

"ఐదింటికి మూసేస్తారు. లే పెద్దనాన్నా, నా మాట విను."

విన్నాడు. నాలుగు మెట్లెక్కి, గోడకు చేరగిలబడి, మరి లేవలేదు.

టైలరక్క పైకి పరిగెత్తింది. "సార్, మా మనిషి మెట్ల మీద పోయాడు. మీ మెట్ల మీద!"

గుమాస్తా ఫారం వెతికి తీశాడు. "ఇక్కడిదాకా వచ్చాడా?"

"పదిహేను మెట్లు తక్కువ."

"అయితే రానట్టే." ‘హాజరు కాలేదు’ అని రాసి, ఫారం పక్కన పడేశాడు. "తర్వాత ఎవరమ్మా?"

తర్వాతివాళ్లు వస్తూనే ఉన్నారు, శవం కాళ్లు తప్పించుకుంటూ, గోడ పట్టుకుంటూ. వాళ్లనేం అనగలం, ఆఖరి రోజు కదా.

టైలరక్కకు కోపం ముందు తన మీదే వచ్చింది. ఒక్క తప్పు లేకుండా ఫారం నింపింది. కూర్చుంటానన్న మనిషిని లేపి మరీ చంపింది.

"ఎవరూ ఎక్కొద్దు!" అని మెట్లకు అడ్డంగా నిలబడి అరిచింది.

"నీకేం, ఎన్నైనా చెబుతావు" అని కసిరింది, ఒళ్లొంగినన్నాళ్లూ వీధులూడ్చిన ముసలామె. "ఇవాళ పోతే మా గతేంటి?"

"ఎక్కితే ఆయన గతే. ఇన్నాళ్లూ ఎక్కమని నేనే చెప్పాను, బుద్ధిలేక. వాళ్లనే దిగమందాం!"

కబురందుకుని బజారు నుంచి నలుగురు హమాలీలు వచ్చారు. పెద్దాయన్ని కిందకి దించి, గుమ్మం దగ్గర ఆయన కోసం కూర్చున్న భార్య పక్కన పడుకోబెట్టి, తిన్నగా మళ్లీ పైకెక్కారు. "జరగండి సార్, బరువు" అంటూ గుమాస్తా బల్లను ఫారాలతో సహా భుజాలకెత్తారు. మూడంతస్తులూ దించి వీధి గుమ్మం ముందు పెట్టారు. ముసలివాళ్లు దాని చుట్టూ కూర్చున్నారు.

పోలీసులొచ్చి టైలరక్కనూ నలుగురు హమాలీలనూ కొట్టి వ్యానులో పడేశారు. బల్ల పైకి చేర్చమన్నాడు ఆఫీసరు. బజారులో ఒక్క హమాలీ కదల్లేదు. పోలీసులే ఎత్తబోతే నలభైమంది ముసలివాళ్లు దాని మీద చేతులు వేశారు. లాఠీలు ఆ చేతుల మీదే పడ్డాయి. వీధులూడ్చిన ముసలామెకు మణికట్టు విరిగింది. రెండో చెయ్యి పెట్టింది.

మూడోరోజు గుమాస్తా తన కుర్చీ తనే మోసుకుంటూ కిందకి దిగాడు. ఈ సంగతి పెద్దాయన భార్యే వచ్చి, లాకప్పు ఊచలు పట్టుకుని టైలరక్కకు చెప్పింది.

"మొదట నన్నే పిలిచాడమ్మా, వేలిముద్ర వెయ్యమని. నా సంగతి తర్వాత, ముందు ఆయన వచ్చాడని రాయి అన్నాను."

"రాశాడా?"

"ఇంకా రాయలేదు. మేమూ ఇంకా లేవలేదు."